లాభం అక్కర్లేదు

బస్సు జమ్మలమడుగు స్టాండు దాటింది. నా సంచిలో దగ్గు మాత్రలున్నాయి, తలనొప్పి మాత్రలున్నాయి, ఒక దూది ఉండ కూడా ఉంది. నాకు దగ్గు లేదు, తలనొప్పి మాత్రం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. ప్రొద్దుటూరు నుంచి ఇంతదూరం నేను వచ్చింది వీటికోసం కాదు, మా ఆయనకు ప్యాడ్ల కోసం, మగవాళ్ల ప్యాడ్లు, ఆపరేషనయ్యాక ఒంటేలు తెలియకుండా జారిపోతుంటే లోపల పెట్టుకునేవి, ఇదిగో ఈ మాట మనసులో అనుకున్నా నాకు చెవులు వేడెక్కుతాయి, ఇక మందులషాపులో నలుగురి మధ్య నోరు తెరిచి ఎలా అడగను, అయినా అడుగుదామనే వెళ్లాను, దేవుడిమీద భారం వేసి మెట్టెక్కాను, తీరా చూస్తే కౌంటరు వెనక మా నిర్మలమ్మ పిన్ని కొడుకు, వాడెప్పుడు చేరాడో ఆ షాపులో. "ఏం అక్కా, బాగుండావా? బావకు ఆపరేషనంట గదా, ఎట్లుండాడు? ఏం కావల్ల?" అన్నాడు. దగ్గు మాత్రలన్నాను. "బావకా?" నాకే అన్నాను. "ఇంగేమన్నా?" తలనొప్పి మాత్రలన్నాను. "ఇంగ?" దూది అన్నాను. ఇంకొక్కసారి వాడు "ఇంగ?" అనుంటే షాపులో సగం కొనేసేదాన్ని.

ఎక్కడని కొనాలి. ప్రొద్దుటూరులో మాది బట్టలంగడి, బాలకృష్ణయ్యశెట్టి ఇల్లంటే ఏ సందులోనైనా దారి చూపిస్తారు, ఏ మందులషాపులో ఏం కొన్నా నేను ఇల్లు చేరేలోపల ఆ కబురు మా అంగడి గద్దె దగ్గరికి చేరుతుంది. జమ్మలమడుగు నా పుట్టిల్లు, దాని సంగతి ఇప్పుడే చూశాను. మైదుకూరులో మా ఆడపడుచు ఉంది. పులివెందులకు పోదామా అంటే అక్కడ మా అమ్మాయి వైష్ణవినిచ్చాం, అక్కడి పెద్ద మందులషాపు మా వియ్యంకుడిదే, బావగారికి ఏ సైజు కావాలమ్మా అని ఆయన నన్నడిగితే నేను అటునుంచి అటే గండికి పోయి పాపాఘ్నిలో దూకాలి, దూకడానికి అందులో నీళ్లుండవు, అది వేరే సంగతి. చుట్టూ ఇన్ని ఊళ్లలో సంబంధాలు కలుపుకున్నందుకు మిగిలింది ఇదీ, ఎక్కడ బస్సు దిగినా ఎవరింటికి వచ్చావని అడిగేవాళ్లే. ఇక ఫోనే దిక్కు. ఫోనుకు నేనెవరో తెలియదు కదా అనుకున్నాను, నిన్న మధ్యాహ్నం ఒక్కసారి వెతికితే ఈ పొద్దు వంటల వీడియో చూస్తుంటే మధ్యలో అదే ప్యాడ్ల బొమ్మ వచ్చింది, నెరిసిన మీసాలాయన నవ్వుతూ పరిగెడుతున్నాడు. మా మరిది రాజశేఖర్‌కు తెలియంది, నా కూతురికి తెలియంది, ఆ మీసాలాయనకు తెలిసిపోయింది.

శనివారం లోపల రావాలి. అదీ నా తొందర. దసరాకు అమ్మవారిశాల గుడిలో ఒకరోజు పూజ మా ఇంటి పేరు మీద జరుగుతుంది, ఉభయం అంటాం, ఈసారి అది శనివారం పడింది, ఇంటి పెద్దా ఆయన భార్యా పీటలమీద కూర్చోవాలి, సంకల్పం నుంచి హారతి దాకా లేవకూడదు. నేను కాపురానికి వచ్చిన ఏడాది నుంచి ఆయన పక్కన కూర్చుంటున్నాను, పట్టుపంచె అంచు నా చీర కొంగుకు తగులుతుంటుంది, ఆయన మంత్రం తప్పు పలికితే మోచేత్తో పొడుస్తాను, మేమిద్దరం ఒకరినొకరం తాకుతూ నలుగురిలో అంతసేపు కూర్చునేది ఏడాదికి ఆ ఒక్కరోజే. మొన్న అన్నం తింటూ తలెత్తకుండా అన్నాడు. "ఈసారి రాజశేఖరూ శిల్పా కూచుంటార్లే. నాకు నడుము పట్టేసింది." మా మరిదీ తోటికోడలూ కూర్చుంటే తప్పు లేదు, ఇంటివాళ్లే. నడుము పట్టేసింది అన్నాడే, అది నన్ను కోసింది. ఆయన నడుముకేం లేదు. శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి దగ్గర లైనులో నిలబడ్డప్పుడు చూశాను, ఉన్నట్టుండి ముఖం మారిపోయింది, కాళ్లు దగ్గరికి చేర్చుకున్నాడు, పంచె ముందువైపు తడి, వెంటనే చేతిలో నీళ్లసీసా మూత తీసి ఒడిలో వంపేసుకున్నాడు, "అయ్యో, జారిపాయ" అని నవ్వాడు చుట్టుపక్కలవాళ్ల వైపు చూసి. నేనేమన్నాను. ఎండకు ఆరిపోతాదిలెండి అన్నాను. చూసి, తెలిసి, ఆ మాటే అన్నాను. ఆ రోజు నుంచి ఆయన నీళ్లసీసా లేకుండా ఎక్కడా కూర్చోవడంలేదు, తర్వాత కూర్చోవడమే మానేశాడు, మేడమీద గదిలోంచి కిందికి, అంగడిలోకి దిగడంలేదు, గద్దెమీద రాజశేఖర్ కూర్చుంటున్నాడు. కడపలో డాక్టరు చెప్పనే చెప్పాడు, కొన్నాళ్లు ఇట్లాగే ఉంటుంది, మెల్లగా సర్దుకుంటుంది, అంతవరకు ప్యాడ్లు వాడండి అని, ఆ మాట అంటున్నప్పుడు ఈయన గోడమీద క్యాలెండరు చూస్తున్నాడు, నేను నా చేతిసంచి జిప్పు చూస్తున్నాను.

కండక్టరు వచ్చి ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ చింపిచ్చాడు, ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా ఇప్పుడు, ఉచితంగా పోయి ఉచితంగా వట్టి చేతులతో వస్తున్నాను. పక్కసీట్లో ఒక ముసలామె, పీరాంబీ అట, ప్రొద్దుటూరులో మనవరాలికి కాన్పయింది చూడబోతున్నానని బస్సెక్కగానే చెప్పింది, నా పేరు అడిగింది, నా పిల్లలెందరో అడిగింది, నా చేతిలో ఫోనులోకి కూడా తొంగిచూస్తోంది. నేను ఫోను కొంచెం పక్కకు తిప్పాను. అద్దాల్లోంచి ఎండ, నల్లరేగడి, పత్తిచేలు, ఎవరో గొర్రెల మంద తోలుతున్నారు, డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడంలేదు. ఇంటికి చేరితే మళ్లీ కుదరదు, ఆయన ఎదురుగా ఉంటాడు, కింద రాజశేఖర్, వంటింట్లో శిల్ప, నాకంటూ దొరికింది ఈ బస్సే. ప్యాడ్ల బొమ్మ నొక్కాను, మధ్యరకం సైజు ఎంచుకున్నాను, ఆయన నడుము కొలత నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది. అప్పుడు కనబడింది, కింద ఒక గడిలో వాళ్లే ముందుగా టిక్కు పెట్టేసి ఉంచారు, "ప్రతినెలా పంపండి." ధర కొంచెం తక్కువట. చూడకుండా పోయుంటే నెలనెలా వచ్చి పడేవి, పాలపాకెట్టు వచ్చినట్టు, ఆయన బాగైనా రావాలి, బాగు కాకపోయినా రావాలి. నాకు ఒళ్లు మండింది. ఎవడ్రా నీకు చెప్పింది మా ఆయనకు ప్రతినెలా కావాలని, డాక్టరు సర్దుకుంటుందన్నాడు, నువ్వేమో ఆయన జన్మంతా ఇట్లాగే ఉంటాడని టిక్కు పెట్టి కూర్చున్నావా. ఆ టిక్కు తీసేశాను. "ఈ ఒక్కసారికే" అన్నచోట వేలు పెట్టి గట్టిగా నొక్కాను, అద్దం పగిలేట్టు.

తర్వాత డెలివరీ చార్జీ అన్నాడు. ఇంకొంచెం కొంటే డెలివరీ ఉచితం అని కింద పచ్చగీత, సగం దాకా నిండి ఆగింది. నవ్వొచ్చింది నాకు, ఇది మా అంగడి ఎత్తుగడే, ఇంత కొంటే జాకెట్ ముక్క ఉచితం అని మేమూ బోర్డు పెడతాం దసరాకు, ఆడవాళ్లు జాకెట్ ముక్కకోసం ఇంకో చీర కొంటుంటే గద్దెమీద కూర్చుని ఎన్నిసార్లు చూశానో. గీత నిండాలంటే ఇంకో ప్యాకెట్టు ప్యాడ్లు వేసుకోమని వాడే చూపిస్తున్నాడు. వెయ్యను. ఇంట్లో కావలసింది ఏముంది, ఆలోచించాను, కుక్కర్ గాస్కెట్ వదులైంది, పప్పు ఉడకదు, విజిల్ రాకుండా పక్కనుంచి బుస్సుమంటుంది, శిల్ప రోజూ సణుగుతుంది. గాస్కెట్ వేశాను. గీత నిండింది, చార్జీ పోయింది. వ్యాపారస్తుల ఇంట్లో పుట్టినందుకు ఆమాత్రం తెలివి ఉండాలి అనుకున్నాను, అనుకునేలోపల ఇంకో పేజీ వచ్చి పడింది, ఫోనంతా పసుపు. "అవును, నాకు లాభాలు కావాలి" అని అరచేయంత బటన్, అది నొక్కితే మెంబరు అవుతామట, మొదటినెల ఉచితమట, రేపే తెచ్చిస్తాడట. మామూలుగా అయితే శుక్రవారం. దాని అడుగున, బూడిదరంగు అక్షరాలు, కళ్లజోడు పెట్టుకున్నా ఆనవు, "వద్దు, నాకు లాభం అక్కర్లేదు."

ఇక్కడే పోయినసారి పడ్డాను. నలిగిపోయినట్టున్న ఆ బూడిద అక్షరాల్ని నేను చూడక పడలేదు, చూసే పడ్డాను. మా నాన్నది జమ్మలమడుగులో ధాన్యం మండీ, కొర్రలు, జొన్నలు, వేరుశనగ, నాన్న కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనడు, లాభం అంటాడు, లాభం, రెండు, మూడు, నాలుగు, నేను బళ్లో కూడా లాభం, రెండు, మూడు అని లెక్కపెట్టి అయ్యవారి చేత చెవి మెలిపెట్టించుకున్నాను. మా ఇళ్లల్లో బియ్యం అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు. దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. అంగడి మూశాం అనరు, కట్టేశాం అంటారు. గద్దె దగ్గర నిలబడి లేదు, వద్దు, పోయింది అనే మాటలు నోట రాకూడదు, అడిగిన రంగు లేకపోతే వస్తాది అమ్మా అంటాం, నా పిల్ల చిన్నప్పుడు తెలియక అంగడిలో "లాభం లేదు" అంటే మా అత్త దాని నోటిమీద చెయ్యివేసి మూసింది. అలాంటిదాన్ని పట్టుకుని నాకు లాభం అక్కర్లేదు అని నీ వేలితో నువ్వు రాసివ్వు అంటే ఎలా ఇస్తాను. శుక్రవారం పూట, తలస్నానం చేసి, దీపం పెట్టి, మిక్సీ జార్ మూతకోసం కూర్చున్నాను ఆ రోజు, ఆ బూడిద అక్షరాల మీదికి వేలు పోలేదు, పసుపుది శుభంగా ఉంది, నొక్కేశాను.

"ఏంది మ్మా, యేలు అట్ల గాల్లో పెట్టుకున్యావు? ఆ పసుప్పచ్చది నొక్కు, ఎంత బాగ మెరుస్తాంది" అంటోంది పీరాంబీ. మెరవదా, మెరవడానికే పెట్టారు. "అది కాదు అవ్వా, కిందిది నొక్కల్ల" అన్నాను. "కిందేముండాది? నాకేం కనపల్యా" అంది. నీకు కనబడదు, నాకూ కనబడకూడదనే వాడి ప్రయత్నం. ఆ పసుపు బటన్ ఏం చేసిందంటే, నెల తిరగ్గానే బ్యాంకు నుంచి మెసేజీ, మళ్లీ నెలకు మళ్లీ, ఆ ఖాతా మా ఆయన ఫోనుకు ముడిపడి ఉంది, ఆయన ఫోను ఆ రోజు గద్దెమీద ఉంది, రాజశేఖర్ తీసి చదివాడు, ఊరికే చదవలేదు, బట్టల వ్యాపారుల సంఘం వాళ్లంతా కూర్చుని టీ తాగుతుంటే చదివాడు. "మా వదిన ఆన్‌లైన్‌లో మెంబరంట అప్పా!" ఆ వారమే సంఘం తరఫున మా అంగడి ముందర బ్యానర్ కట్టారు, మన ఊరి అంగట్లోనే కొందాం అని, కట్టించింది మా ఆయనే, సంఘానికి పెద్ద ఆయనే. నేను లోపల చీరలు మడత పెడుతున్నాను. మడత పెడుతున్న చీర కిందే నా తల పెట్టేసుకుందామనిపించింది. అందరూ నవ్వుతున్నారు. అప్పుడు ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "నేనే చేరినాలేప్పా. వాళ్లు యా ధరకమ్ముతాండారో తెలుసుకోకుంటే ఎట్ల?" అన్నాడు. ఒక్కడు కూడా మళ్లీ నవ్వలేదు. ఇంట్లో నన్ను పల్లెత్తు మాట అనలేదు. అది తీసేయించుకోవడానికి వైష్ణవితో ఫోన్లో మాట్లాడుకుంటూ ఎన్ని పేజీలు తిప్పానో, పోవద్దు పోవద్దని వాడు ప్రతి పేజీలో కాళ్లావేళ్లా పడ్డాడు, చేరడానికి ఒక నొక్కుడు, బయటికి రావడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు మళ్లీ నొక్కితే నెలనెలా లాగేది ఆ ఖాతాలోంచే, మళ్లీ ఆ మెసేజీ, మళ్లీ రాజశేఖర్, ఈసారి ఏం కొన్నారు అని కూడా లాగుతాడు. నా కోసం మాట పడ్డ మనిషిని ఇంకోసారి నలుగురిలో నిలబెట్టలేను, అదీ ఈ సంగతికి.

పెన్నా ఒడ్డుకు వచ్చేసరికి సిగ్నల్ పోయింది. తెరమీద గుండ్రంగా ఏదో తిరుగుతోంది. ఇసుక, నడుమ సన్నగా నీళ్లు, దూరంగా పొగ. ఇంకాసేపట్లో ఊరు వచ్చేస్తుంది, రేపే తెస్తానంటున్నాడు కదా, శుక్రవారం అని చెప్పి శనివారం దాటిస్తే, వర్షం పడి లారీ ఎక్కడో ఆగిపోతే, ఒకనెల ఉచితమే కదా, మర్నాడే తీసేయొచ్చు కదా, పోయినసారీ మర్నాడే తీసేద్దామనుకున్నాను, మర్చిపోయాను, అందరూ మర్చిపోతారని వాడికి తెలుసు, మా అంగడిలో జాకెట్ ముక్క తీసుకున్నవాళ్లకు చీర అక్కర్లేదని మాకు తెలిసినట్టు. నొక్కు వసుంధరా, అని నాకు నేనే చెప్పుకున్నాను. వేలు రావడంలేదు. లాభం అక్కర్లేదు. పండగ ముందర, అమ్మవారి పూజ ముందర. నాన్న కొలతపాత్ర పట్టుకుని నన్ను చూస్తున్నట్టుంది. అయినా దేనిలో లాభం, అనుకున్నాను, అనుకోగానే ఒక్కసారిగా నాకు కోపం వచ్చింది, నా మీదే. ఆయన ఒంటేలు ఆపుకోలేక మేడమీద తలుపు వేసుకుని కూర్చుంటే అందులో నాకు లాభమా. ఆయన జబ్బు మీద తగ్గింపు, ఆయన అవమానం మీద మొదటినెల ఉచితం, అదా శుభం. మంచిమాటలు పలికీ పలికీ మేం చేసుకున్నది చాలు, నిండుకుంది, కొండెక్కింది, నీళ్లు జారాయి, నడుము పట్టింది, ఎండకు ఆరిపోతుంది. ఉన్నమాట ఉన్నట్టు ఒక్కరమూ అనలేదు, ఆయన అనలేదు, నేను అననివ్వలేదు. సిగ్నల్ వచ్చింది. "వద్దు, నాకు లాభం అక్కర్లేదు." నోటితో పైకే అని నొక్కాను. పీరాంబీ ఉలిక్కిపడి చూసింది. దేవుడిచ్చిన దాన్ని వద్దంటుందేమిటి ఈమె అనుకుని ఉంటుంది.

డబ్బు ఫోనులోనే కట్టేశాను, నా పోస్టాఫీసు వడ్డీ పడే ఖాతాలోంచి. శుక్రవారం, మధ్యాహ్నం లోపల, అని వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను, మరుక్షణం గుర్తొచ్చింది. చిరునామా మా అంగడిదే. మేడమీదికి మెట్లు అంగడిలోంచే. పార్సిల్ తెచ్చేవాడు గద్దె దగ్గర నిలబడతాడు, గద్దెమీద రాజశేఖర్ ఉంటాడు, పార్సిల్ అంటే వాడికి పండగ, కత్తెర తీసుకుని ముందు కోసి తర్వాత ఎవరిదని అడిగే రకం. నేను శుక్రవారం పొద్దున్నుంచీ అంగడి గుమ్మంలో కాపలా ఉండాలి, ఎందుకు నిలబడ్డావంటే ఏం చెప్పాలి, గాస్కెట్ కోసం అనాలి. మళ్లీ మొదలు. దగ్గు మాత్రలు, దూది, గాస్కెట్. ఇంకెన్ని సామాన్లు కొని ఈ ఒక్కదాన్ని కప్పాలి. ఫోను మోగింది. ఆయనే.

"యాడున్యావ్? ఇంత సేపా?" వెనకనుంచి ఫ్యాను చప్పుడు వినబడుతోంది, మేడమీద గదిలోనే ఉన్నాడు. "వస్తాండాను, దగ్గరికొచ్చేసినాం" అన్నాను. "మీ పిన్ని బాగుండాదా?" పిన్నిని చూడ్డానికే వెళ్తున్నానని చెప్పి బయల్దేరాను. బాగుందని చెప్తే సరిపోతుంది. నోట్లోకి వచ్చేసింది కూడా. "పిన్నిని నేను చూడ్లేదు. మీకోసం పోయినా" అన్నాను. "ఏందీ?" బస్సు గుంతలో పడి లేచింది. "మీకు ప్యాడ్లు తెప్పించినా, ఫోన్లో." "ఏందీ, ఇనపల్యా." డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఎవరో ఎద్దులబండి అడ్డం, నేను ఫోనును రెండు చేతులతో పట్టుకుని నోటికి ఆనించుకుని అరిచాను. "ప్యాడ్లు! ఒంటేలు కారకుండా పెట్టుకునేటివి! డాక్టరు చెప్పినాడే, అవి! గండిలో నీళ్లు జార్లేదు, నాకు తెలుసు! శుక్రవారం వస్తాయి, రాజశేఖర్ చేతిలో పడకూడదు, మీరే కిందికొచ్చి తీసుకోవల్ల!"

హారన్ ఆగింది. బస్సులో అందరూ ఆగినట్టే ఉన్నారు. ముందుసీటాయన వెనక్కి తిరగబోయి మర్యాదకు మానేశాడు, కండక్టరు టికెట్ల మిషన్ తుడుచుకుంటున్నాడు, పీరాంబీ నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆయన ఫోను పెట్టేశాడేమో అని తెర చూశాను, పెట్టలేదు, సెకన్లు నడుస్తున్నాయి. ఎంత పని చేశాను, ఒక్క మాట వేలితో నొక్కాను కదాని ధైర్యమొచ్చి అన్నీ వాగేశాను, ఇంతకాలం ఆయన దాచుకున్నదాన్ని బస్సుకంతా చెప్పాను, ఈయన ఇక నా ముఖం చూడడు, "ఏమండీ" అన్నాను, "ఉండారా" అన్నాను. ఫ్యాను చప్పుడు. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కాటనేనా?" అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "చూడ్లేదు" అన్నాను కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"చూడల్ల గదమ్మే. బట్టలంగడి దానివి, గుడ్డ చూడకుండ కొంటివా. నైలానైతే పీటమీద అంతసేపు నేను కూచ్చోలేను."